పెద్దపేగు పరీక్ష గురించి నాన్నతో ఎలా మాట్లాడాలి?

బరంపురం_అమ్మాయి

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని బరంపురం. మా పెదనాన్న ఉగాదికి ముందు పెద్దపేగు కేన్సర్‌తో పోయారు. 62 ఏళ్లకి బయటపడింది. అప్పటికే కాలేయానికి పాకేసింది. నాన్నకి ఇప్పుడు 58, బట్టల కొట్టు నడుపుతారు. షుగరు తప్ప వేరే బాధ ఏమీ లేదు.

పన్నెండో రోజు కార్యం అయ్యాక అన్నయ్య హైదరాబాదు వెళ్లి, అక్కణ్ణించే విశాఖలో నాన్నకి కొలనోస్కోపీకి, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పెట్టి చూసే పరీక్షకి, తేదీ తీసేసుకున్నాడు. నాన్నకి ఒక్క ముక్క చెప్పలేదు. "షుగరు చెకప్ అని చెప్పి రైలెక్కించు, మిగతాది అక్కడివాళ్లు చూసుకుంటారు" అన్నాడు నాతో. ముందు రోజు తాగాల్సిన మందు సంగతి చెప్పడానికి ఆసుపత్రివాళ్లు ఫోన్ చేస్తే అది నాన్నే ఎత్తారు. అంతే, అన్నయ్యతో మాటలు లేవు. "నా ఒంట్లోకి గొట్టం పెట్టడానికి నన్ను అడగక్కర్లేదేటి?" అన్నారు నాతో. నా దగ్గర సమాధానం లేదు.

ఇక్కడే ఒక డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను. రెండు నిమిషాల్లో "చేయించెయ్యండి" అని ఒక కాగితం ఇచ్చారు. ఒక వైపు ఒడియా, ఒక వైపు ఇంగ్లీషు. నాన్న చదివేది తెలుగు ఒక్కటే. నేను చదివింది ఒడియా మీడియం. కూడబలుక్కుని తెలుగులో చెబుతుంటే నాకే సగం అర్థం కాలేదు.

ఆయన్ని ఒప్పించే చిట్కాలు నాకొద్దు. ఆయనకి విషయం అర్థమయ్యేలా ఎలా చెప్పాలో చెప్పండి.

రాయగడ_బాబు

అమ్మా, కోపం తెచ్చుకోకు. మీ అన్నయ్య చేసిందే రైటు. పెద్దవాళ్లని అడిగితే వద్దనే అంటారు. మా మావయ్యని గుండె పరీక్షకి అలాగే, తిరపతి అని చెప్పి తీసుకెళ్లాం. ప్రాణం ముఖ్యమా, మాట ముఖ్యమా?

జయపురం_సిస్టర్

నేను ఎండోస్కోపీ గదిలో పని చేస్తాను. బాబూ, మీరు మంచి మనసుతోనే రాశారు, కానీ ఇటువైపు నుంచి చూస్తే ఎలా ఉంటుందో చెబుతాను. ఎందుకొచ్చారో తెలియకుండా వచ్చిన మనిషి మందు సగం తాగి సగం పారబోస్తాడు. పేగు శుభ్రం కాదు. డాక్టరుగారు లోపల చూస్తే ఏమీ కనపడదు, మళ్లీ రమ్మంటారు. ఆ మనిషి మళ్లీ రాడు. ఈ పరీక్షలో సగం పని రోగి తన ఇంట్లో, తన చేతులతో చేసుకోవాలి. ఆయనకి ఇష్టం లేకుండా అది జరిగే పని కాదు.

ఇక అమ్మాయి అడిగిన దానికి. నాన్నగారికి ముందు చెప్పాల్సింది పరీక్ష పేరు కాదమ్మా. పేగు లోపలి గోడ మీద కొందరికి చిన్న కాయల్లాంటివి మొలుస్తాయి. పాలిప్ అంటారు. చాలా వాటితో ఏ ప్రమాదమూ లేదు. కొన్ని మాత్రం మెల్లగా, సుమారు పదేళ్లు పట్టి, కేన్సర్‌గా మారతాయి. ఆ పదేళ్లూ నొప్పి ఉండదు, మంట ఉండదు. అందుకే "నాకేం లేదు" అన్న మాట నిజమే అయినా సరిపోదు. ఆ కాయని ముందే చూసి తీసేస్తే కేన్సర్ రాకుండానే ఆపొచ్చు. వచ్చినా తొలి దశలో దొరికితే నయం చెయ్యొచ్చు. చూసే దారులు ఒకటి కన్నా ఎక్కువ ఉన్నాయని కూడా ఆయనకి చెప్పండి. "కొలనోస్కోపీ చేయించుకుంటారా, మానేస్తారా" అని అడిగితే ఎవరైనా మానేస్తాననే అంటారు.

పర్లాకిమిడి_మాస్టారు

రిటైరైన మాస్టారిని, 67 ఏళ్లు. రెండేళ్ల కిందట చేయించుకున్నాను, కాబట్టి కళ్లతో చూసింది రాస్తాను. గొట్టం గురించి మీ నాన్నగారు భయపడుతున్నట్టున్నారు. గొట్టం నాకు తెలియనే లేదు, మత్తు ఇచ్చారు. కష్టమంతా ముందు రోజుది. మూడు రోజుల ముందు నుంచే ఆకుకూరలు, గింజలు వద్దన్నారు. ముందు రోజు పఖాళ, అదే నీళ్లలో నానేసిన చద్దన్నం, అది కూడా తినొద్దన్నారు. వేసవిలో అది లేకపోతే నాకు పూట గడవదు. నీళ్లలాంటివే తాగాలి: కొబ్బరినీళ్లు, వడగట్టిన నిమ్మరసం. ఎర్ర రంగు షర్బత్తు తాగకూడదు, లోపల రక్తంలా కనపడుతుందట. సాయంత్రం నుంచి రెండు విడతలుగా పొడి కలిపిన నీళ్లు, మొత్తం రెండు లీటర్లు. ఉప్పగా, జిడ్డుగా ఉంటాయి. రాత్రి పదకొండు దాకా దొడ్డికి తిరగడమే. మా ఇంట్లో మరుగుదొడ్డి పెరట్లో ఉంది. నడుము నొప్పి ఉన్నవాణ్ణి, ఆ చీకట్లో మెట్లు దిగడం నాకు అసలు పరీక్ష. అందుకే ముందే ఏర్పాటు చూసుకోండి.

ఇంకొకటి. మీ నాన్నగారికి షుగరు ఉంది. ఆ రోజు ఏ మాత్ర వేసుకోవాలి, ఏది మానాలి అన్నది డాక్టర్ని తప్పకుండా అడిగి రాసుకోండి. నెత్తురు పలచబడే మాత్రలు, ఐరన్ మాత్రలు వాడుతుంటే అవి కూడా.

నన్ను ఎవరూ ఒప్పించలేదు. పాతపట్నంలో నాతో పనిచేసిన ఒక స్నేహితుడు తనకి ఎలా జరిగిందో కూర్చుని చెప్పాడు. విన్నాక వారం ఆలోచించుకుని వెళ్లాను.

గుణుపూర్_డాక్టరు

నేను జనరల్ ప్రాక్టీసు చేస్తాను. అమ్మాయి రాసిన "రెండు నిమిషాలు" నాకు తగిలింది. బయట నలభై మంది కూర్చుని ఉంటే నేనూ అదే చేస్తాను. తప్పే. ఇక్కడ కొంచెం తీరుబడిగా రాస్తాను.

ముందు రెండు ప్రశ్నలు. పెదనాన్నగారికి కేన్సర్ బయటపడినప్పటి వయసు సరిగ్గా ఎంత? పోయిన వయసు కాదు. ఆధార్‌లో ఉన్నదీ కాదు, మనవైపు అది చాలాసార్లు అంచనాగా వేయించినదే. రెండోది, కుటుంబంలో ఇంకెవరికైనా పెద్దపేగు కేన్సర్ గానీ, ఆడవాళ్లలో గర్భసంచి కేన్సర్ గానీ ఉందా? కొన్ని కుటుంబాల్లో ఈ రెండూ ఒకే జన్యులోపం వల్ల వస్తాయి. దాన్ని లించ్ సిండ్రోమ్ అంటారు. అలాంటి ఇంట్లో పాతికేళ్లు నిండకముందే కొలనోస్కోపీలు మొదలుపెట్టి ఏడాదికో రెండేళ్లకో చేస్తూ ఉండాలి. అక్కడ లెక్క పూర్తిగా వేరు.

వయసు ఎందుకడిగానంటే, అమెరికా జీర్ణకోశ వైద్య సంఘాల ఉమ్మడి బృందం 2017లో ఇచ్చిన సలహా ఇలా ఉంది. తోబుట్టువుకో, తల్లిదండ్రులకో, బిడ్డకో 60 లోపు ఈ కేన్సర్ బయటపడితే, 40 ఏళ్ల నుంచి గానీ ఆ మనిషికి బయటపడిన వయసుకి పదేళ్ల ముందు నుంచి గానీ, ఏది ముందైతే అప్పటి నుంచి, ఐదేళ్లకోసారి కొలనోస్కోపీ. 60 లేదా ఆ తర్వాత బయటపడి, అది ఒక్కరికే అయితే 40 నుంచి మొదలుపెట్టాలి, కానీ మామూలు వాళ్లకి ఉన్న పరీక్షల్లో ఏదైనా ఎంచుకోవచ్చు. అంటే మీ నాన్నగారి ముందు ఒక దారి ఉందా, రెండు మూడు ఉన్నాయా అన్నది ఈ అంకె మీద ఆధారపడుతుంది.

ఛత్రపురం_రావు

డాక్టరుగారూ, ఒక సందేహం. ఇవన్నీ అమెరికా లెక్కలు. మన ప్రభుత్వం ముప్పై దాటిన వాళ్లకి నోటి కేన్సర్, రొమ్ము కేన్సర్, గర్భాశయ ముఖద్వార కేన్సర్ చూస్తోంది. ఆశా కార్యకర్త మా ఇంటికీ వచ్చింది. పెద్దపేగు అందులో లేదు. అవసరం లేకనే కదా పెట్టలేదు? అందరికీ గొట్టాలు పెట్టమనడం వ్యాపారం కాదా?

గుణుపూర్_డాక్టరు

అడగాల్సిన ప్రశ్నే. మన దేశంలో ఈ కేన్సర్ రేటు అమెరికా, యూరప్ కన్నా బాగా తక్కువ. అయినా జనాభా పెద్దది కాబట్టి ఏడాదికి 60 వేల మందికి పైగా కొత్తగా దీని బారిన పడుతున్నారు. ఏ బాధా లేని, ఇంట్లో ఎవరికీ లేని మనిషికి మన దేశంలో ఈ పరీక్ష చేసి తీరాలని నేను చెప్పను. అమెరికాలో 2021 నుంచి 45 ఏళ్లకే అందరికీ మొదలుపెట్టమంటున్నారు. అంతకు ముందు 50 ఉండేది. అది వాళ్ల రేటుని బట్టి. ఈ అమ్మాయి నాన్నగారి సంగతి వేరు, సొంత అన్నగారికి వచ్చింది.

లాభం ఎంతో, నష్టం ఎంతో అంకెల్లోనే చెబుతాను, ఎందుకంటే "చాలా మంచిది" అన్న మాటతో ఎవరూ నిర్ణయం తీసుకోలేరు. పోలండ్, నార్వే, స్వీడన్లలో 80 వేల మందికి పైగా మీద జరిగిన నార్డిక్ అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. పదేళ్లలో, కొలనోస్కోపీకి పిలవని 10,000 మందిలో 120 మందికి ఈ కేన్సర్ వచ్చింది. పిలిచినవాళ్లలో 98 మందికి. ఈ కేన్సర్‌తో మరణాలు అదే వరసలో 31, 28. ఆ తేడా కచ్చితమైనదని చెప్పడానికి చాలదు. కానీ పిలిచినవాళ్లలో నిజంగా వెళ్లి చేయించుకున్నది 42 శాతమే, అది మర్చిపోకూడదు. నష్టం వైపు: 10,000 కొలనోస్కోపీలకి పేగుకి చిల్లు పడేది సుమారు 3, తీవ్రంగా రక్తస్రావం అయ్యేది సుమారు 15. పాలిప్ కోసినప్పుడు ఎక్కువ.

రెండో దారి మలంలో కంటికి కనపడని రక్తం చూసే ఫిట్ పరీక్ష. పథ్యం లేదు, మందు తాగక్కర్లేదు, ఇంట్లోనే నమూనా తియ్యొచ్చు. ఒక్కసారి చేస్తే నాలుగు కేన్సర్లలో మూడింటిని పడుతుంది. ఒకటి తప్పిపోతుంది. పెద్ద పాలిప్‌లనైతే నాలుగింట ఒకదాన్నే పడుతుంది. అందుకే ఏడాదికోసారి చెయ్యాలి. కేన్సర్ లేనివాళ్లలో కూడా వందకి ఐదారుగురికి పాజిటివ్ వస్తుంది. పాజిటివ్ వస్తే కొలనోస్కోపీ తప్పదు. ఆ మాట ముందే ఒప్పుకోకపోతే ఫిట్ చేయించడం దండగ. సీటీ స్కాన్‌తో పేగు చూసే పద్ధతి కూడా ఉంది, ఐదేళ్లకోసారి, కానీ అక్కడా పేగు శుభ్రం చేసుకోవాల్సిందే. మన ఊళ్లలో దాని ఊసు ఎత్తకపోయినా నష్టం లేదు.

ఆస్కా_కోడలు

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా అత్తగారికి 52. ఆరు నెలలుగా దొడ్డికెళ్తే నెత్తురు పడుతోంది. మొలలని ఊళ్లో పసరు మందు వాడుతున్నాం. ఈమధ్య మనిషి తగ్గిపోయింది, నీరసం. డాక్టరుగారు చెప్పిన ఫిట్ పరీక్ష ఆవిడకి చేయిస్తే చాలా?

జయపురం_సిస్టర్

చాలదు అక్కా. దయచేసి ఈ వారమే తీసుకెళ్లండి. ఫిట్ అనేది కనపడని నెత్తురు కోసం. కనపడుతున్నప్పుడు దాంతో పని లేదు, నెగిటివ్ వస్తే ఇంకా ప్రమాదం, ఊరటపడి ఇంట్లో ఉండిపోతారు.

గుణుపూర్_డాక్టరు

సిస్టర్ చెప్పింది అక్షరాలా నిజం. పైన మేము మాట్లాడుకుంటున్నది ఏ బాధా లేని మనిషి గురించి. వాళ్లకి ఆలోచించుకునే తీరిక ఉంది, ఎంచుకునే వీలుంది. నెత్తురు పడటం, బరువు తగ్గటం, కారణం తెలియని రక్తహీనత, వారాల తరబడి మలవిసర్జన తీరు మారటం, వీటిలో ఏది ఉన్నా అది స్క్రీనింగ్ (బాధ లేనప్పుడే ముందుగా చూసుకోవటం) కాదు, జబ్బేమిటో తేల్చుకోవటం. నెత్తురు మొలల వల్లే కావచ్చు. కానీ మొలలున్న మనిషికి కేన్సర్ రాకూడదని లేదు. ముందు మలద్వారంలో వేలితో పరీక్ష, హిమోగ్లోబిన్, ఆపైన కొలనోస్కోపీ. మీకు దగ్గర బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. ఆడ డాక్టరు కావాలని అడగడానికి మొహమాటపడకండి.

అత్తగారికి కూడా విషయం చెప్పి తీసుకెళ్లండి. తొందర ఉందంటే దాచమని కాదు.

ఆస్కా_కోడలు

రేపే వెళ్తాం. ఆవిడ ఆరు నెలలూ ఎవరికీ చెప్పుకోలేదు, మంచం మీద గుడ్డ చూసి నేను అడిగితే చెప్పింది.

బరంపురం_అమ్మాయి

డాక్టరుగారూ, పెదనాన్న రిపోర్టుల ఫైలు తీశాను. ఆధార్‌లో 63 ఉంది. జాతకం తీసి అత్తయ్య లెక్కేసింది: బయటపడినప్పటికి 61 నిండి ఎనిమిది నెలలు. మా నాయనమ్మ వైపు, తాతయ్య వైపు అందరినీ అడిగాను. ఇంకెవరికీ లేదన్నారు. గర్భసంచి తీయించుకున్న పిన్ని ఒకావిడ ఉంది కానీ అది కేన్సర్ కాదట, కాగితాలు చూపించింది.

ఇప్పుడు నాన్నతో ఎలా మొదలుపెట్టను?

గుణుపూర్_డాక్టరు

అయితే ఆయన ముందు నిజంగానే రెండు దారులున్నాయి. మూడోది కూడా: ఇప్పుడు ఏమీ వద్దనడం. అది కూడా ఆయన హక్కే, ఆ మాట ఆయనకి వినపడాలి. లేకపోతే మిగతావన్నీ బలవంతంలాగే ఉంటాయి.

బ్రిటన్‌లో గ్లిన్ ఎల్విన్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 2012లో రోగితో కలిసి నిర్ణయం తీసుకోవడానికి ఒక పద్ధతి రాశారు. నేను చదివి నా ఓపీలో ఎప్పుడో గానీ పాటించలేకపోయాను. మొదటి మాట, ఇక్కడ ఎంచుకునే వీలుందని చెప్పటం. రెండో మాట, దారులేమిటో లాభనష్టాలతో వివరించటం. మూడోది, నీకేది ముఖ్యం అని అడిగి, దాన్ని బట్టి తేల్చుకోవటం. ఒక్క పూటలో అవ్వక్కర్లేదు. మనవాళ్లు మూడోది అడగరు. డాక్టరూ అడగడు, కొడుకూ అడగడు.

జయపురం_సిస్టర్

చెప్పాక "అర్థమైందా" అని అడక్కమ్మా. అలా అడిగితే అందరూ ఊఁ అంటారు. "నాన్నా, ఇది అమ్మకి మీరు చెప్పాలంటే ఎలా చెబుతారు?" అని అడుగు. ఆయన చెప్పిన దాంట్లో ఎక్కడ తప్పిందో అక్కడ మళ్లీ చెప్పు. తప్పు ఆయనది అనుకోకు, మనం చెప్పడంలో ఉంది. అంకెలు తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసివ్వు. శాతాలు వద్దు, ఇంతమందిలో ఇంతమంది అని రాయి.

పర్లాకిమిడి_మాస్టారు

ఆ కాగితం నేను రాస్తాను. తెలుగు పంతులుగా ముప్పై ఏళ్లు పని చేశాను, ఈ మాత్రం చెయ్యకపోతే ఎందుకు? డాక్టరుగారు తప్పులు చూడాలి. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఇటు వచ్చినప్పటి నుంచి మా ముసలివాళ్లు ఆసుపత్రి కాగితాల మీద వేలిముద్రలు వేస్తూనే ఉన్నారు. సంతకం రాక కాదు, అది ఏం కాగితమో చదవలేక.

రాయగడ_బాబు

రెండు రోజులుగా చదువుతూనే ఉన్నాను. మావయ్య సంగతి సగమే చెప్పాను. గుండె పరీక్ష అయితే అయింది. ఆ తర్వాత నాలుగేళ్లుగా ఆయన ఏ ఆసుపత్రి గడపా తొక్కలేదు. కన్ను మసకేసినా రానన్నాడు. ఈమధ్య మా అమ్మ నిజంగానే తిరపతి వెళ్దామంటే దానికీ రానన్నాడు, ఎక్కడికి తీసుకెళ్తారో అని. అమ్మాయీ, నేను మొదట రాసింది పట్టించుకోకు.

బరంపురం_అమ్మాయి

వారం అయింది. ఏం జరిగిందో రాస్తున్నాను.

మాస్టారి కాగితం ఆదివారం కొట్టు మూసే వేళకి ఇచ్చాను. నాన్న రెండుసార్లు చదివారు. మూడు అన్న దగ్గర, పదిహేను అన్న దగ్గర వేలు పెట్టి ఆగారు. "పది వేల మందికి ముగ్గురా?" అని అడిగారు. అవునన్నాను. ఏమీ అనలేదు. రాత్రి భోజనాల దగ్గర అమ్మకి ఆయనే చెప్పడం మొదలుపెట్టారు, సిస్టర్ చెప్పిన ప్రశ్న నేను అడక్కుండానే. ఒక్క చోట తప్పు చెప్పారు: ఫిట్‌లో ఏమీ రాకపోతే ఇక జన్మలో అక్కర్లేదని. ఏడాదికోసారి అని సర్దాను.

మర్నాడు పొద్దున్న "నీకేది ముఖ్యం నాన్నా" అని అడిగాను. ఇలా అడగడం నాకే కొత్త, గొంతు పెగల్లేదు. గొట్టం అంటే భయం అనుకుంటున్నాం కదా మేమంతా. అది కాదు. పెదనాన్నకి బయటపడ్డాక వాళ్లు ఇంటి స్థలం అమ్మేశారు. నాకు పెళ్లి కావాలి. "వెతికితే దొరుకుతుంది, దొరికితే నీ పెళ్లి డబ్బు పోతుంది. తెలియకుండా ఉంటే ఒక రెండేళ్లయినా నిమ్మళంగా గడుస్తాయి" అన్నారు. నేను ఏడ్చేశాను. తర్వాత సిస్టర్ రాసిన దాంట్లోంచి ఒకటే చెప్పాను: ముందే దొరికితే కాయ దశలో తీసేస్తారు, పెదనాన్నకి దొరికింది ఆఖర్న అని. దానికి ఆయన చాలాసేపు ఆలోచించారు.

మధ్యాహ్నం కొట్టు నుంచి ఫోన్ చేసి చెప్పారు. ముందు ఫిట్ చేయించుకుంటారట. అందులో పాజిటివ్ వస్తే విశాఖ వస్తారట, కానీ దసరా సీజన్లో కాదు, అన్నయ్య కాదు నేను తోడు రావాలి. మందు తాగే రోజు ఇంట్లో చుట్టాలెవరూ ఉండకూడదు. ఇవన్నీ ఆయన షరతులు. మాస్టారి కాగితం వెనక రాసి గల్లాపెట్టెలో పెట్టుకున్నారు.

అన్నయ్య "ఇంత ప్రమాదం పెట్టుకుని చిన్న పరీక్షా" అని నామీద అరిచాడు. వాడి భయం నాకు తెలుసు, పెదనాన్న దగ్గర ఆఖరి రోజుల్లో ఉన్నది వాడే. డాక్టరుగారూ, వాడికేం చెప్పను?

గుణుపూర్_డాక్టరు

మీ అన్నయ్యకి ఈ ఒక్క అధ్యయనం చెప్పండి. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో దాదాపు వెయ్యి మంది మీద చేశారు. కొలనోస్కోపీ ఒక్కటే చేయించుకోమని చెప్పిన వాళ్లలో ఏడాదిలో చేయించుకున్నది 38 శాతం. మల పరీక్ష చెప్పిన వాళ్లలో 67. రెండూ చెప్పి ఎంచుకోమన్న వాళ్లలో 69. చేయించుకోని కొలనోస్కోపీ కన్నా చేయించుకున్న ఫిట్ వంద రెట్లు నయం. మీ నాన్నగారు ఏడాదికోసారి మానకుండా చేయిస్తే చాలు, నాకు నిశ్చింత. వచ్చే ఏడు గుర్తు చెయ్యడం మీ అన్నయ్యకి అప్పగించండి. ఆయనకీ ఒక పని ఉండాలి.

అన్నట్టు, ల్యాబులో "ఒకల్ట్ బ్లడ్" (కనపడని రక్తం) పరీక్ష అంటే చాలాచోట్ల గ్వాయాక్ అనే పాత పద్ధతిలో చేసేస్తారు. దానికి మాంసం, విటమిన్ సి మాత్రలు కొన్ని రోజులు మానాలి, అయినా తప్పుగా వచ్చే వీలు ఎక్కువ. ఫిట్ కావాలని అడిగి, రసీదు మీద ఆ పేరుందో లేదో చూసుకోండి.

ఆస్కా_కోడలు

అత్తగారికి హిమోగ్లోబిన్ 7.8కి పడిపోయింది. ఎల్లుండి కొలనోస్కోపీ. ఆడ డాక్టరుగారే చూస్తారట. మాస్టారి కాగితంలో ముందు రోజు తిండి గురించి ఉన్న భాగం ఆవిడకి చదివి వినిపించాను. మరుగుదొడ్డి దగ్గర బల్బు మార్పించాం.

పర్లాకిమిడి_మాస్టారు

దేవుడి దయ వల్ల అంతా మంచే జరగాలమ్మా. ఆ రోజు రాత్రి ఎవరో ఒకరు మెలకువగా ఉండండి, కళ్లు తిరుగుతాయి.

బరంపురం_అమ్మాయి

అక్కా, ఫలితం రాగానే రాయండి, ఎదురుచూస్తుంటాను.

ఆఖరి ప్రశ్న. కిట్ దొరికింది. నాన్న శనివారం పొద్దున్న నమూనా తీస్తానంటున్నారు, కొట్టుకి సెలవు కాబట్టి. ఆ ల్యాబు ఆదివారం ఉండదు. ఇక్కడ ఎండ మండిపోతోంది. పరవాలేదా?

జయపురం_సిస్టర్

శనివారం వద్దమ్మా. వేడికి నమూనాలోని హిమోగ్లోబిన్ చెడిపోతుంది, ఉన్న రక్తం కూడా లేదని వస్తుంది. సోమవారం పొద్దున్న తీయమను. కొట్టు తెరిచే దారిలో పదింటిలోపు ల్యాబులో ఇచ్చెయ్యండి. ఆలస్యమయ్యేలా ఉంటే ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టు, గడ్డకట్టే అరలో కాదు. డబ్బా మీద పేరు, తేదీ, తీసిన వేళ నాన్నగారినే రాయమను. తెలుగులో రాసినా తీసుకుంటారో లేదో ల్యాబువాళ్లని ముందే అడుగు.